బోర్లించిన కటోరా

కాశింకు కోపమొస్తే అన్నం సయించదు. ఆ ఎండాకాలం వరసగా రెండు రోజులు అతను ముద్ద ముట్టలేదు. మూడో రోజు, దర్గా అరుగు మీద కూర్చుని తస్బీ పూసలు తిప్పుకుంటున్న గురువు ముందుకు పోయి, శిష్యుడు అడగకూడని తీరులో అడిగేశాడు.

"ఈ నీళ్లు విషమని తెలిసినాక గూడా జనం తాగి పోతానే ఉండారు పీరయ్యా. మీరు చూస్తా కూచున్యారు. ఇదేం పద్ధతి?"

ఈ నీళ్లంటే దర్గా పక్కనుండే మడుగు నీళ్లు. గువ్వలవాగు రేగళ్లపల్లె దాటగానే ఒక పెద్ద బండ చుట్టూ తిరిగి కాసేపు ఆగుతుంది. ఆ ఆగిన చోటే మడుగు. దాని ఒడ్డున ఎప్పటివాడో ఒక సాధువు సమాధి. ఆయన అసలు పేరు ఎవరికీ తెలియదు, మడుగు వలీ అంటారు. సమాధి మెట్టుకు గొలుసుతో కట్టిన రాగి కటోరా ఒకటి. మొక్కుకున్నవాళ్లు ఆ కటోరాతో మడుగు నీళ్లు ముంచుకుని తాగుతారు, సీసాల్లో పట్టుకుని ఇంటికి పోతారు. సాయిబులూ తాగేవాళ్లు, రెడ్లూ తాగేవాళ్లు, మాలపల్లెవాళ్లూ తాగేవాళ్లు. ఆ కటోరా దగ్గర ఒకరికొకరు అడ్డం చెప్పుకున్నట్టు ఎప్పుడూ వినలేదు.

విషం ఎగువనుంచి వచ్చింది. కొన్నేళ్ల కిందట మూడు మైళ్ల అవతల, గుట్ట చాటున, పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం కరిగించే షెడ్లు నాలుగు లేచాయి. అవి ఎవరివో గట్టిగా చెప్పేవాడు లేడు. ముందు మడుగులో చేపలు వెల్లకిలా తేలాయి. తర్వాత వాగు నీళ్లు తాగిన ఎనుములు రెండు నోట నురగ కక్కి పడిపోయాయి. హైస్కూల్లో సైన్సు చెప్పే తిరుపాలు సారు ఊరుకోలేక రెండు సీసాల నీళ్లు పట్టి టౌనుకు పంపాడు. ఉండాల్సిన దానికంటే సీసం ఎన్నో రెట్లు ఎక్కువ ఉందని కాగితం వచ్చింది.

అబద్ధమెందుకు, కాశిం కోపం ఊరి కోసం కాదు. అక్క కోసం.

తల్లి పోయాక కాశింను పెంచింది లాలమ్మే. దూదేకుల ఇల్లు వాళ్లది. నాయన విల్లు పట్టుకుని ఊరూరా దూది ఏకడానికి పోతే, తమ్ముణ్ని చంకనేసుకుని పరుపులు కుట్టింది. లాలమ్మకు పెళ్లయి ఆరేళ్లు. రెండుసార్లు కడుపు పండింది, రెండుసార్లూ పోయింది. ఒకటి ఆరో నెలలో, ఇంకొకటి ఏడో నెలలో. రెండుసార్లూ ఆమె బిడ్డ నిలవాలని మొక్కుకుని మడుగు నీళ్లు తప్ప వేరే నీళ్లు ముట్టలేదు. సారు తెచ్చిన కాగితం చదివి వినిపించిన రోజునుంచే కాశింకు అన్నం సయించలేదు.

శిష్యుడి మాట విని పీరయ్య తస్బీ ఆపాడు. ఆయనకు డెబ్బై దాటాయి, చూపు మందగించింది. తడుముకుంటూ సమాధి దగ్గరికి నడిచి, కటోరాలో అడుగున మిగిలిన గుక్కెడు నీళ్లు మట్టిలో వంపేశాడు. దాన్ని మెట్టు మీద బోర్లించి, వచ్చి మళ్లీ తన చోట కూర్చున్నాడు.

"అంతేనా?" అన్నాడు కాశిం.

"నాకు చేతనయింది అంతే అబ్బీ. నీకింకేమన్నా చేతనయితే చెయ్యి."

ఆ కటోరాకూ పీరయ్యకూ ఒక సంబంధం ఉంది. వయసులో ఉన్నప్పుడు ఆయన కళాయి పని చేసేవాడు. తిత్తీ కొలిమీ మోసుకుని ఊళ్లు తిరుగుతూ, ఒకసారి ఈ కటోరాకు కళాయి పోయడానికి దర్గాకు వచ్చాడు. పోసి, నీళ్లు తాగి, ఆ పూటకు ఉందామని ఉన్నవాడు మళ్లీ పోలేదు. అప్పటి పీరు దగ్గరే శిష్యుడయ్యాడు. తన చేత్తో మెరిపించిన కటోరాను తన చేత్తోనే బోర్లించడం ఆయనకు ఎట్లా ఉందో ఎవరూ అడగలేదు. పైగా తిట్టారు.

కటోరా బోర్లించాక కూడా జనం రావడం మానలేదు. అంతదూరం వచ్చి వట్టి చేతులతో వెనక్కి పోవడం మొక్కుకున్నవాళ్లకు చేతకాదు. దర్గా ముందర ఒక ధుని ఉండేది. ముగ్గురు పీర్ల కాలం నుంచి ఆరకుండా కాపాడుకొస్తున్న నిప్పు అది. దాని బూడిదను ఊది అంటారు. అంతకుముందు పోయేటప్పుడు నొసట ఇంత పెట్టుకుని పోయేవాళ్లు, అంతే. ఇప్పుడు నీళ్లు లేవు కాబట్టి ఊదే పొట్లాలు కట్టించుకోసాగారు. పిల్లల నాలిక మీద రాసేవాళ్లు, బాలింతలకు తేనెలో కలిపి నాకించేవాళ్లు. పొట్లాలు కట్టే పని కాశింది.

తనకేం చేతనవునో కాశిం తిరుపాలు సారును పోయి అడిగాడు.

"ఆ షెడ్లు మూయించడం నీవల్లా కాదు, నావల్లా కాదు" అన్నాడు సారు. "అర్జీలు పెట్టి పెట్టి నా చెయ్యి నొప్పి పుట్టింది. నీళ్లలో దిగిన సీసాన్ని మాత్రం తియ్యొచ్చు."

"ఎట్లా సార్?"

"గుర్రపు డెక్కతో."

కాశింకు నవ్వొచ్చింది. చెరువులో కనబడితే ఊరంతా దిగి పీకి పారేసే చెట్టు అది.

"నవ్వబాక. దాని వేర్లు సీసాన్ని పీల్చి పట్టి పెట్టుకుంటాయి. ముదరక ముందే పీకాల, మళ్లీ కొత్తవి పెరగనియ్యాల. అట్లా పీకతానే ఉండాల. మడుగులోనే కుళ్లినాయంటే పీల్చిందంతా మళ్లీ నీళ్లలోకే వస్తాది. ఇంకోటి, గొడ్లకు మాత్రం వెయ్యొద్దు."

"వెయ్యను సార్."

సారు చెప్పింది అంతే. ఇంకొక్క మాట చెప్పి ఉంటే అని తర్వాత ఆ మనిషి ఎన్నిసార్లు తల పట్టుకున్నాడో. ఎవరు మాత్రం అన్నీ ముందే చెప్పగలరు?

కాశిం టౌను మురుగు కాలవలోనుంచి రెండు గోతాల గుర్రపు డెక్క తెచ్చి మడుగులో వదిలాడు. వాగుకు కొట్టుకుపోకుండా వెదురు బద్దలతో దడి కట్టాడు. అది పెరిగే చెట్టా, పాకే మంటా! నెల తిరిగేసరికి సగం మడుగు కప్పేసింది. ఊదా రంగు పూలు పూసి, చూడటానికి ముచ్చటగానే ఉండేది. పదిహేను రోజులకొకసారి కాశిం రొమ్ము లోతు నీళ్లలో దిగి, ముదిరిన వాటిని వేర్లతో సహా లాగి బండ మీద ఆరేసేవాడు. వేర్లు తడిసిన గొర్రెబొచ్చు మాదిరి నల్లగా, జిడ్డుగా వేలాడేవి. ఒళ్లంతా దురదలు పుట్టి రాత్రుళ్లు గోక్కుంటూ పడుకునేవాడు. అయినా మానలేదు.

ఎండినవాటిని ఏం చెయ్యాలి? గొడ్లకు వెయ్యొద్దని సారు చెప్పాడు, వెయ్యలేదు. ఒడ్డున వదిలేస్తే వానకు మళ్లీ మడుగులోకే జారతాయి. కాశిం బాగా ఆలోచించాడు. నిప్పును మించింది ఏముంది? ధుని ఎట్లాగూ రోజూ కట్టెలు అడుగుతూనే ఉంది. మోపులు మోపులుగా తెచ్చి ధునిలో వేశాడు. చిటపటమని కాలి పిడికెడు బూడిదయ్యేవి. తన అక్క కడుపును రెండుసార్లు తిన్న విషం తన కళ్ల ముందు కాలిపోతుంటే కాశింకు కడుపు చల్లగా ఉండేది.

పీరయ్య కూడా అరుగు మీదనుంచి ఆ మంట చూశాడు.

"ఈ ఏడు కట్టెల బాధ తప్పించినావబ్బీ" అన్నాడు.

అట్లా ఏడాది గడిచింది. లాలమ్మకు మళ్లీ నెల తప్పింది. ఈసారి కాశిం అక్క చేత ఒట్టు వేయించుకున్నాడు, స్కూలు దగ్గర బోరింగు నీళ్లు తప్ప వేరేవి తాగనని. ఆమె తాగలేదు. కడుపుతో ఉన్నప్పుడు కొందరికి పులుపు మీదికి పోతుంది మనసు, కొందరికి మట్టి మీదికి. లాలమ్మకు ఊది మీదికి పోయింది. ప్రతి బేస్తవారం దర్గాకు వచ్చేది. వచ్చి చెయ్యి చాపేది.

"ఇంత పెట్టబ్బీ. నీ చేత్తో పెడితే రుచి."

కాశిం అరచేయి నిండా పోసేవాడు. వారానికి సరిపోయేట్టు పొట్లాలు కూడా కట్టిచ్చేవాడు. మిగిలినవాళ్లకు చిటికెడు, అక్కకు గుప్పెడు. తమ్ముడు దర్గాలో ఉన్నందుకు ఆ మాత్రం లేకపోతే ఎట్లా?

వానలు తగ్గాక ఒక బేస్తవారం పొద్దున తిరుపాలు సారు సైకిలు మీద రొప్పుకుంటూ వచ్చాడు. కాగితం ఊపుతూనే దిగాడు. మడుగు నీళ్లలో సీసం దాదాపు లేదు. కళ్లు నలుపుకుని మళ్లీ చదివి, కాశిం వీపు మీద చరిచి, స్కూలుకు టైమవుతోందని అట్లాగే వెళ్లిపోయాడు.

కాశిం ఆ కాగితాన్ని తీసుకుపోయి గురువు ఒళ్లో పెట్టాడు.

"సీసం పోయింది పీరయ్యా."

"పోయిందా?"

"పోయింది. మీరు కటోరా బోర్లించి కూచున్యారు. నేను మడుగునే కడిగినా. ఇంక దాన్ని ఎత్తి పెట్టండి."

మాటలో పొగరుంది. అది కాశింకు కూడా తెలిసింది, కానీ ఏడాదిన్నర పాటు దురదలతో నిద్రపోనివాడికి ఆ మాత్రం హక్కుందనిపించింది. పీరయ్య ఏమీ అనుకోలేదు. నవ్వాడు.

"పోయింది సరే, యాడికి పోయింది?"

"పోయిందంటే పోయిందే గదా. యాడికని ఏం చెప్తాం?"

పీరయ్య లేచాడు. నిజంగా సంతోషపడ్డాడు ఆయన, కటోరాను ఎత్తడానికే పోతున్నాడు. మెట్టు దగ్గర వంగి దాని మీద చెయ్యి కూడా వేశాడు. అప్పుడే లాలమ్మ వచ్చింది. ఏడు నిండి ఎనిమిదో నెల ఆమెకు. నడుం మీద చెయ్యేసుకుని, రొప్పుతూ వచ్చి అదే మెట్టు మీద కూలబడింది. కాశిం అక్క చేతిలో ఊది పోసి, కాగితం సంగతి చెప్పాడు. లాలమ్మకు సీసం ఏమిటో, కాగితం ఏమిటో సరిగ్గా తెలియదు. తమ్ముడి మొహం వెలిగిపోతుంటే చూసి ఆమె పళ్లన్నీ కనబడేట్టు నవ్వింది.

పీరయ్య చెయ్యి కటోరా మీద ఆగిపోయింది.

"తల్లీ, ఇట్లా తిరుగు. వెలుతురు పడేట్టు. పళ్లు చూపించు."

"ఎందుకు తాతా? నీకు పళ్లు లేవని నావి లెక్క పెడతావా ఏంది?"

ముసలాయన నవ్వలేదు. ముక్కు తగిలేంత దగ్గరగా వంగి చూశాడు. చిగుళ్ల అంచున, పంటిపంటికీ, పెన్సిలుతో గీసినట్టు సన్నగా నీలం గీత ఉంది.

"రెండు చేతులూ ముందరికి చాపు."

లాలమ్మ చాపింది. కుడి మణికట్టు కొంచెం కిందికి వేలాడింది. ఎత్తి పెట్టాలని చూసి, ఎత్తలేక, ఆమె తనకే వింతయినట్టు ఆ చేతికేసి చూసుకుంది.

"కడుపులో నొప్పి వస్తాందా?"

"మెలిపెడతాది తాతా. లోపల మనిషి తిరుగుతాంటాడు గదా."

పీరయ్య ఆమె అరచేతిలోని ఊదిని దులిపేశాడు. తన పచ్చ శాలువ కొంగుతో వేలు వేలూ తుడిచాడు. "ఈ పొద్దుకు వద్దు తల్లీ. ఇంటికి పో. రేపు సారును పంపిస్తా, ఆసుపత్రికి పొయ్యిరా" అన్నాడు. లాలమ్మ మొహం చిన్నబోయింది. తమ్ముడి వైపు చూసింది. కాశింకు కూడా ఏమీ అర్థం కాలేదు. ఆమె మెల్లగా లేచి వెళ్లిపోయింది.

ఆమె మలుపు తిరిగేదాకా చూసి, పీరయ్య తన గదిలో అటక మీదినుంచి ఒక మూట దింపమన్నాడు. కాశిం దింపి విప్పితే అందులో పాత తిత్తి, పట్టకారు, చిన్న మట్టి మూస ఉన్నాయి. తోలు ఎండి బీటలిచ్చింది. దానికి నూనె రాయించి, నేలలో జానెడు గుంట తీయించి, బొగ్గులు నింపించాడు.

"ఏంది పీరయ్యా ఇది?"

"తిత్తి ఊదు."

పీరయ్య ధునిలోనుంచి ఊది తీసుకుని, బొగ్గుపొడీ చిటికెడు వెలిగారమూ కలిపి మూసలో కూరాడు. కళాయి పోసి నలభై ఏళ్లయినా ఆయన చేతులు ఏదీ మర్చిపోలేదు. కాశిం ఊదుతూనే ఉన్నాడు. మూస ఎర్రబడింది, తెల్లబడింది. పీరయ్య ఇంకా ఊది వేశాడు, ఇంకా ఊదమన్నాడు. ఎండ నెత్తి మీదికి వచ్చింది. కాశిం చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది. 

చివరికి మూసను పట్టకారుతో తీసి, చల్లారనిచ్చి, రాయి మీద పగలగొట్టాడు. నల్లటి చిట్టెం ముక్కలయింది. ఆ ముక్కల్లో పీరయ్య వేళ్లతో తడిమి తడిమి ఒకదాన్ని ఏరాడు. జొన్నగింజంత ఉంది. తుడిస్తే మెరిసింది. గోరుతో నొక్కాడు, గోటి గుర్తు పడింది.

దాన్ని శిష్యుడి అరచేతిలో పెట్టి, వేళ్లు మూసేశాడు.

జొన్నగింజకు అంత బరువుంటుందని కాశిం ఎప్పుడూ అనుకోలేదు. గుప్పిట విప్పి చూశాడు. ధుని వైపు చూశాడు, ఆ పక్కన పొద్దున తాను కట్టి వరసగా పెట్టిన పొట్లాల వైపు చూశాడు. దాదాపు ముప్పై బేస్తవారాలు. ప్రతి వారం గుప్పెడు. అక్క నాలిక మీద తన వేలితోనే రాసిన రోజులు కూడా ఉన్నాయి.

"అక్క" అన్నాడు. 

"సీసం నిప్పులో సావదని నాకు తెల్సు" అన్నాడు పీరయ్య. "మా ఉస్తాదు తగరంలో సీసం కలిపి కళాయి పోసేటోడు. ఆయన చిగుళ్లకూ ఇదే గీత. చెయ్యి పడిపోయి, పట్టకారు ఎత్తలేక సచ్చిపాయ. అంతా నా కండ్లతో చూసినోణ్ని. నువ్వు నా ముందరే ధునిలో ఏస్తాంటే కట్టెలు మిగిలినాయని సంబరపడినా. నీళ్లు ఆపింది నేను. జనాన్ని ఊది మీదికి తోలింది నేను."

ఆయన లేచి, కుండెడు నీళ్లు తెచ్చి ధునిలో పోశాడు. ముగ్గురు పీర్ల నిప్పు బుస్సుమని లేచి, ఆరిపోయింది. కాశిం అడ్డం పడలేదు. 

మర్నాడు పీరయ్య భుజానికి జోలె తగిలించుకున్నాడు. ఫకీర్లు జోలె పట్టుకుని వస్తే ఊళ్లో తెలిసిందే, గుమ్మంలోకి చేటలో జొన్నలో బియ్యమో తెస్తారు. ఆ రోజు కూడా తెచ్చారు.

"జొన్నలు వద్దు తల్లీ. మేమిచ్చిన ఊది ఉంటే భిక్ష వెయ్యండి. దాంట్లో విషం ఉండాది."

అర్థం కావడానికే కొంతసేపు పట్టింది జనానికి. అర్థమయ్యాక కొందరు పరుగున పోయి పొట్లాలు తెచ్చి జోలెలో పడేశారు. ఒక తల్లి పిల్లవాడి మెడలో తాయెత్తు తెంపి ఇచ్చింది, కొంగుతో వాడి నోరు తుడుస్తూ. ఒక ముసలావిడ మాత్రం పొట్లాన్ని రొమ్ముకు అదుముకుని, దీనివల్లే మా మనవడికి జొరం తగ్గింది, ఇయ్యనంటే ఇయ్యనని కూర్చుంది. పీరయ్య ఆమె ముందు చేతులు జోడించి నిలబడ్డాడు. ఎండలో అట్లాగే నిలబడ్డాడు. చివరికి విసుగెత్తి ఇచ్చింది.

మాలపల్లెలో ఒకాయన పొట్లం తెచ్చి పీరయ్య మొహాన కొట్టాడు. "నీళ్లు వద్దంటివి. ఇప్పుడు ఊది వద్దంటివి. ఇంక నీ కాడ ఏముండాదని రావాల మేము?"

"ఏమీ లేదు నాయనా" అన్నాడు పీరయ్య, గడ్డం మీది బూడిద తుడుచుకుంటూ.

తొమ్మిది రోజులు తిరిగారు, పదమూడు ఊళ్లు. పొట్లాలు తిరిగొచ్చాయి. తిన్నది ఎవరి దగ్గరనుంచి తెస్తారు?  ప్రతి ఊళ్లో కాశిం ప్రతి పిల్లవాడి చిగుళ్ల వైపు దొంగచూపు చూసేవాడు.

రేగళ్లపల్లెలో అక్క ఇల్లు మాత్రం ఆఖరికి పెట్టుకున్నాడు. 

ఆ మధ్యలోనే సారు లాలమ్మను జిల్లా ఆసుపత్రికి తీసుకుపోయాడు. కబురు తెలిసి కాశిం పోయేసరికి, డాక్టరమ్మ మంచం పక్కన నిలబడి అడుగుతోంది, ఏం తిన్నావు, ఏం తాగావు అని.

"ఏమీ తినలేదమ్మా" అంటోంది లాలమ్మ. "ఒట్టేసినా గదా, మడుగు నీళ్లు గూడా ముట్టలే. మా తమ్ముడు పెట్టిన ఊది, అంతే."

ఎంతో ధైర్యంగా, మందు పేరు చెప్పినట్టు చెప్పింది ఆ మాట. కాశిం తలుపు అవతలే ఉండిపోయాడు. 

కాన్పు నెలకు పైగా ముందే అయింది. ఆడపిల్ల. పొద్దున పుట్టి, దీపాల వేళ వరకూ ఉంది. పేరు పెట్టేంత సేపు కూడా చాల్లేదు.

పదిరోజుల తర్వాత గురువూ శిష్యుడూ లాలమ్మ ఇంటి ముందు నిలబడ్డారు. ఈసారి జోలె కాశిం భుజాన ఉంది. పీరయ్యే మార్చాడు, దారిలో. లాలమ్మ గడపలో కూర్చుని ఉంది. మొహంలో నెత్తురు లేదు. తమ్ముడి భుజాన జోలె చూసి, ఆమెకు నవ్వు రాబోయి ఆగిపోయింది.

"మళ్లీ పోయిందబ్బీ" అంది.

కాశిం అన్ని ఊళ్లలో చెప్పిన మాటే ఇక్కడా చెప్పాలి. ఎన్నో గుమ్మాల ముందు చెప్పి చెప్పి నోటికి వచ్చేసిన మాట. జోలెను ఈ భుజం మీదినుంచి ఆ భుజానికి మార్చుకున్నాడు. పీరయ్య పక్కనే ఉన్నాడు, కానీ ఆయనేమీ అందించలేదు.

"ఊదిలో సీసం ఉండాదక్కా" అన్నాడు చివరికి. "మడుగులోది చెట్టుకొచ్చె. చెట్టుది ధునికొచ్చె. నేను నా చేత్తో నీకు పెట్టినా."

లాలమ్మ తమ్ముడి చేతులకేసి చూసింది. ఆ చేతులకు అన్నం కలిపి తినడం నేర్పింది ఆమే.

"నువ్వు తెలీక పెట్టినావు" అంది. "నేను తెలీక తిన్న్యా. పసిదానికేం తెల్సు అబ్బీ?"

లేచి లోపలికి పోయింది. ఎడమ చేత్తో ఊది కట్టిన ఒక గుడ్డ మూట తెచ్చింది. కుడి చెయ్యి ఇంకా వేలాడుతూనే ఉంది. "ఊయలకు కడదామని దాచింటి" అని దాన్ని జోలెలో వేసింది. వేసి, పోతూ పోతూ ఆగింది.

"నీళ్లు బాగయినాయంటివే ఆ పొద్దు. సీసం పోయిందంటివే. నిజమేనా?"

కాశిం తల వంచుకుని జోలె మూతి ముడి వేశాడు.  లాలమ్మ మెల్లగా తలుపు వేసుకుంది.

దర్గాకు తిరిగి వచ్చేటప్పటికి పొద్దు ఇంకా బాగానే ఉంది. పీరయ్య గదిలో కొత్త కుండలు వరసగా ఉన్నాయి. తెచ్చిన ఊదినంతా కుండల్లో పోసి, మూత పెట్టి, లక్క కరిగించి మూతులు మూస్తున్నారు కొన్నాళ్లుగా. ధునిలోని తడి బూడిద కూడా ఎత్తి కుండల్లోనే పోశారు. భూమిలో పూడ్చుదామంటే దిగువంతా బావులే. వాగులో వెయ్యడానికి లేదు. తీసుకుపోయి ఏదో ఒకటి చేస్తామన్న ఆఫీసువాళ్లు సారుకు తేదీల మీద తేదీలు చెబుతున్నారు. ముసలాయన నులక మంచం కిందంతా కుండలతో నిండిపోయింది. రాత్రిళ్లు ఆయన ఆ మంచం మీదే పడుకుంటున్నాడు.

గుట్ట చాటున షెడ్ల పొగ ఎప్పటిలాగే లేస్తోంది. పదిహేను రోజులకు పైగా ఎవరూ దిగకపోవడంతో మడుగులో గుర్రపు డెక్క ముదిరిపోయింది. అంచుల్లో ఆకులు పసుపుబారి, కుళ్లడానికి సిద్ధంగా ఉంది.

కాశిం జోలె దించి గోడకానుకుని కూర్చున్నాడు. జొన్నగింజంత సీసం ఇంకా అతని మొలలోనే ఉంది, గుడ్డలో చుట్టి. దాన్ని తీసి పీరయ్య ముందు పెట్టాడు.

"ఇంక నా వల్ల కాదు పీరయ్యా. మడుగూ వద్దు, చెట్లూ వద్దు. ఈ చేతులు యాడ పెట్టినా విషమే. నేను పోతా."

పీరయ్య జోలె విప్పి, అందులోది ఆఖరి కుండలోకి వంపాడు. లాలమ్మ మూటను విప్పకుండా అట్లాగే లోపల పెట్టాడు. దాని మీద సీసం గింజ వేశాడు. మూత పెట్టి, కరిగిన లక్క అంచు చుట్టూ పోశాడు. కుండను మంచం కింద తోయాలని చూశాడు గానీ, అక్కడ ఇంక జాగా లేదు. కుండను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

"పోవడమనేది లేదబ్బీ" అన్నాడు. "ఎవరి కాడికి పోయిందనేదే ఉండాది."

 కాశిం లేచి గురువు ఒళ్లోని కుండను ఎత్తుకున్నాడు. వసారాలో తన చాప పరిచి ఉండే చోటికి తీసుకుపోయి, తలాపున పెట్టుకున్నాడు. గోడకు గుచ్చిన దబ్బనం తీసి, పరుపులు కుట్టే పురికొస ఎక్కించి, ఖాళీ గోతాలు రెండు చంకన పెట్టుకున్నాడు. దూది కూరినట్టు ఎండు డెక్కను గోతాల్లో గట్టిగా కూరి కుట్టెయ్యొచ్చు. కుట్టినవి పెట్టుకోవడానికి వసారాలో ఇంకా కొంత చోటుంది.

బోర్లించిన కటోరా పక్కగా మెట్లు దిగి, లుంగీ ఎగగట్టి, మడుగులోకి దిగాడు.